వంటగది లేని ఇంటికి బై టు లెట్ లోన్ వస్తుందా?

ప్రశ్న: అన్నా, మేము స్విండన్‌లో అద్దెకుంటున్నాం. ఈ మధ్యే ఐఎల్ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది. నాకు ఐటీలో 62 వేల పౌండ్ల జీతం, మా ఆవిడ పార్ట్ టైమ్, ఆమెకు 26 వేలు. యూకేలో ఇల్లు లేదు కానీ హైదరాబాద్ నిజాంపేటలో నా పేరు మీద ఫ్లాట్ ఉంది, 80 లక్షలు పలుకుతుంది. స్టోక్ ఆన్ ట్రెంట్‌లో ఒక టెర్రస్డ్ ఇల్లు చూశాం, ధర లక్షా పది వేలు. ఓనర్ చనిపోయాక రెండేళ్ళకు పైగా ఖాళీగా ఉందట. కిచెన్ మొత్తం పీకేశారు, బాయిలర్ లేదు, వెనక గదిలో చెమ్మ. 25 వేలు పెడితే లక్షన్నర విలువ అవుతుంది, నెలకు 750 అద్దె వస్తుంది అని ఏజెంట్ అంటున్నాడు. మా దగ్గర 55 వేలున్నాయి. డిపాజిట్ 27,500, పనులకు 25,000, మిగిలిన 2,500 ఖర్చులకు అనుకుంటున్నాం. బై టు లెట్ లోన్ వస్తుందా? మా ఆవిడ పేరు మీద కొంటే ఎక్స్‌ట్రా స్టాంప్ డ్యూటీ తప్పుతుందా? రెసిడెన్షియల్ లోన్ తీసుకుని కొన్నాళ్ళయ్యాక అద్దెకిచ్చేయమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు, అది ఓకేనా? నాన్న కూడా ఊళ్ళో ప్లాట్ అమ్మి కొంత పంపిస్తానంటున్నారు.

జవాబు: అన్నా అన్నావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు. నువ్వు చెప్పిన ఇంటికి, చెప్పిన స్థితిలో, మామూలు బై టు లెట్ మార్ట్‌గేజ్, అంటే అద్దెకివ్వడానికి కొనే ఇంటి మీద ఇచ్చే లోన్, రాదు. ఆ యాడ్‌ని ఇంకోసారి తెరిచి కింద దాకా చదువు, ఎక్కడో ఒక మూల ‘క్యాష్ బయ్యర్స్ ఓన్లీ’ అని ఉంటే ఆశ్చర్యపోను.

ఎందుకు రాదంటే, బ్యాంకుకి నీ ప్లాన్‌తో పనిలేదు. వాల్యుయేషన్‌కి సర్వేయర్ వచ్చిన రోజు ఇల్లు ఎలా ఉందో అదే చూస్తారు. రేపే టెనెంట్‌ని పెట్టొచ్చా? ఇదొక్కటే వాళ్ళ ప్రశ్న. నీళ్ళు, కరెంటు, వేడి చేసే ఏర్పాటు, పనిచేసే టాయిలెట్, స్నానానికి చోటు, వంటకి చోటు, కారని పైకప్పు, ఇవన్నీ ఉంటే ఇల్లు ఎంత అసహ్యంగా ఉన్నా పర్వాలేదు. 1970ల నాటి గోధుమ రంగు టైల్సు, కుక్క వాసన కొట్టే కార్పెట్టు, పూల వాల్‌పేపరు, వీటి గురించి సర్వేయర్ పట్టించుకోడు. కిచెన్ లేదనగానే మాత్రం ఆగిపోతాడు. అప్పుడు రిపోర్టులో విలువ సున్నా అని రాసి, పనులయ్యాక మళ్ళీ చూస్తామంటారు. చెమ్మలాంటివి ఒకటి రెండైతే లోన్ ఇస్తూనే కొంత మొత్తం ఆపిపెట్టి, పని పూర్తయ్యాక వదులుతారు. దీన్ని రిటెన్షన్ అంటారు. ఇందులో చిక్కేమిటంటే, అమ్మేవాళ్ళకి కంప్లీషన్ రోజునే (ఇల్లు చేతులు మారే రోజు) పూర్తి డబ్బు ఇవ్వాలి, ఆపిన మొత్తం ఆ రోజు నీ జేబులోంచే రావాలి.

మరి ఇలాంటి ఇళ్ళు జనం ఎలా కొంటున్నారంటావా? నగదుతో, లేదా బ్రిడ్జింగ్ లోన్‌తో, అంటే కొన్ని నెలలకే ఇచ్చే తాత్కాలిక లోన్‌తో. కొందరు లెండర్ల దగ్గర బ్రిడ్జ్ టు లెట్ అని కూడా ఉంటుంది, అంటే మొదట బ్రిడ్జింగ్, పనులయ్యాక అదే లెండర్ దగ్గర బై టు లెట్‌కి మార్పు. ఇంటి మరమ్మతుల్ని (రెఫర్బ్) లెండర్లు రెండు రకాలుగా చూస్తారు. లైట్ రెఫర్బ్ అంటే గోడలు కూల్చకుండా, ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేకుండా చేసే పనులు: కిచెన్, బాత్రూమ్, వైరింగ్, బాయిలర్, ప్లాస్టరింగ్ లాంటివి. నీ ఇల్లు ఈ రకంలోకే వస్తుంది, చెమ్మ వెనక ఇంకేమీ దాక్కుని లేకపోతే. గోడలు కదిలించడం, ఎక్స్‌టెన్షన్లు, ఒక ఇంటిని ఫ్లాట్లుగా మార్చడం హెవీ రెఫర్బ్, దాని రేట్లు, షరతులు వేరు.

బ్రిడ్జింగ్ చెడ్డదని కాదు. కాకపోతే దానికి వడ్డీ నెలల లెక్కన ఉంటుంది, పైగా ముందే కోసుకుంటారు. నీ ఇంటికే ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. ధరలో 70 శాతం, అంటే 77,000 ఇస్తామన్నారనుకో. అరేంజ్‌మెంట్ ఫీజు 2 శాతం, 1,540. వడ్డీ నెలకు 0.9 శాతం అనుకుంటే నెలకి 693, తొమ్మిది నెలలకి 6,237. ఈ రెండూ మొదటి రోజే పట్టుకుంటే నీ చేతికొచ్చేది 69,223 మాత్రమే. ఇల్లు కొనడానికే నువ్వు 40,777 వేసుకోవాలి. స్టాంప్ డ్యూటీ 5,500. నీ సొలిసిటర్, లెండర్ సొలిసిటర్ (వాళ్ళ లాయరు ఖర్చు కూడా నీదే), వాల్యుయేషన్, సర్వే కలిపి 3,500 వేసుకో. పనులకి 25,000. పాత ఇల్లు కాబట్టి అనుకోని ఖర్చులకి కనీసం 15 శాతం, అంటే ఇంకో 3,750. మొత్తం 78,527. ఇందులో ఇన్సూరెన్సు, కౌన్సిల్ ట్యాక్సు ఇంకా కలపలేదు. నీ దగ్గరున్నది 55 వేలు. పనులు సగంలో ఉండగా డబ్బైపోయి, బ్రిడ్జింగ్ గడువు మీదికొస్తే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు. కిచెన్ లేని ఇంటిని రీమార్ట్‌గేజ్ చెయ్యడం (కొత్త లోన్ తీసుకుని పాతది తీర్చడం) ఎలాగూ కుదరదు, సగం కిచెన్ ఉన్నా అంతే.

తొమ్మిది నెలలు ఎందుకు వేశానంటే, పనులు మూడు నెలల్లో అయిపోయినా బయటపడటం అంత సులువు కాదు. ల్యాండ్ రిజిస్ట్రీలో (ప్రభుత్వ ఆస్తి రికార్డులో) నీ పేరు పడ్డాక ఆరు నెలలు నిండకుండా రీమార్ట్‌గేజ్ ఇవ్వని లెండర్లు చాలామంది. ముందే ఇచ్చేవాళ్ళలో కొందరు కొత్త విలువ మీద ఇవ్వరు, కొన్న ధరకి పనుల ఖర్చు కలిపి దాని మీదే లెక్కేస్తారు. కాబట్టి బిల్లులన్నీ దాచుకోవాలి. బ్రిడ్జింగ్ తీసుకునే ముందే నీ బ్రోకర్ ‘ఆ తర్వాత ఎవరి దగ్గరికి వెళ్తాం, వాళ్ళ షరతులకి మనం సరిపోతామా’ అన్నది కాగితం మీద రాసి చూపించాలి. చూపించలేకపోతే బ్రోకర్‌ని మార్చు. ఇంకోటి, మామూలు బై టు లెట్ లోన్లు, పెట్టుబడి ఇళ్ళ మీద బ్రిడ్జింగ్ చాలావరకు ఎఫ్‌సీఏ (ఆర్థిక సంస్థల్ని నియంత్రించే సంస్థ) నియంత్రణలోకి రావు. సొంతింటి లోన్‌కి ఉండే రక్షణలు ఇక్కడ ఉంటాయనుకోకు.

లక్షన్నర విలువ అన్న మాట ఏజెంట్‌ది. అతను అమ్మేవాళ్ళ తరఫు మనిషి. అదే వీధిలో, అదే సైజు ఇళ్ళు గత ఏడాదిలో ఎంతకి అమ్ముడయ్యాయో ల్యాండ్ రిజిస్ట్రీ డేటాలో ఉచితంగా చూడొచ్చు, యాడ్‌లో అడిగిన ధరలు కాదు, నిజంగా అమ్ముడైన ధరలు. బ్యాంకు సర్వేయర్ 1,35,000 అన్నాడనుకో, 75 శాతం లెక్కన వచ్చేది 1,01,250. అదొక్కటే కాదు, అద్దె పరీక్ష కూడా ఉంటుంది. 40 శాతం ట్యాక్స్ కట్టేవాళ్ళకి అద్దె వడ్డీకి 145 శాతం ఉండాలని అడుగుతారు, అదీ నువ్వు కట్టబోయే వడ్డీ మీద కాదు, పెంచి చూసే రేటు మీద. ఆ రేటు 5.5 శాతం అనుకుంటే, 750 అద్దెకి గరిష్ఠంగా సుమారు 1,12,850 వస్తుంది. అద్దె 650 దగ్గరే ఆగితే 97,800. ఐదేళ్ళ ఫిక్స్‌డ్ తీసుకుంటే కొందరు లెండర్లు ఈ పరీక్షని కాస్త సడలిస్తారు. కాబట్టి అద్దె ఎంతొస్తుందో ఆ ఏజెంట్‌ని కాదు, స్టోక్‌లో ఇళ్ళు అద్దెకి చూసుకునే వేరే ఇద్దరు ముగ్గురు ఏజెంట్లని అడుగు.

ఇక స్టాంప్ డ్యూటీ. దీని దగ్గర మనవాళ్ళు చాలామంది దెబ్బతింటారు. అదనపు ఇంటి మీద సర్‌చార్జి ఇంగ్లండ్‌లో 2024 అక్టోబర్ 31 నుంచి 5 శాతం. ఇళ్ళ లెక్క యూకేలో ఉన్నవాటికే పరిమితం కాదు, ప్రపంచంలో ఎక్కడున్నా లెక్కే. నిజాంపేట ఫ్లాట్ 40,000 పౌండ్ల విలువ దాటింది కాబట్టి అది నీకు మొదటి ఇల్లు, స్టోక్ ఇల్లు రెండోది. ఆ ఫ్లాటే లేకపోతే లక్షా పది వేల ఇంటికి డ్యూటీ సున్నా, ఎందుకంటే 1,25,000 దాకా మామూలు రేటు సున్నానే, అద్దెకిచ్చేదైనా సరే. ఫ్లాట్ ఉంది కాబట్టి 5,500. మరదలి పేరు మీద కొన్నా తప్పదు, కలిసి ఉంటున్న భార్యాభర్తలని ఈ విషయంలో ఒకే యూనిట్‌గా చూస్తారు. ఫ్లాట్ సంగతి చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది అనుకోకు. రిటర్న్‌లో అబద్ధం రాస్తే పెనాల్టీ, వడ్డీ రెండూ ఉంటాయి, దేశాల మధ్య ఆర్థిక సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం రోజురోజుకీ పెరుగుతోంది. అలాగే కొన్నాక ఎవరో ఫోన్ చేసి, ‘ఇల్లు నివాసయోగ్యంగా లేదు కాబట్టి మీ సర్‌చార్జి వెనక్కి ఇప్పిస్తాం, వచ్చినదాంట్లో మాకింత’ అంటారు. వాళ్ళకి దూరంగా ఉండు. మరమ్మతులు కావాల్సినంత మాత్రాన ఇల్లు ఇల్లు కాకుండా పోదని 2025లో అప్పీలు కోర్టు స్పష్టంగా తీర్పిచ్చింది. క్లెయిమ్ తిరగ్గొడితే కట్టాల్సింది నువ్వే, ఆ ఫోన్ చేసినవాళ్ళు కాదు.

మరదలి పేరు పనికొచ్చేది వేరే చోట, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో. అద్దె ఏడాదికి 9,000, ఏజెంట్ ఫీజు, ఇన్సూరెన్సు, చిన్న రిపేర్లు కలిపి 2,000, లోన్ 88,500 మీద 5 శాతం వడ్డీ 4,425 అనుకుందాం. వ్యక్తిగతంగా కొంటే ఆ వడ్డీని ఖర్చుగా తీసేయనివ్వరు, దాని మీద 20 శాతం క్రెడిట్ మాత్రం ఇస్తారు. నీ పేరు మీదైతే 7,000 మీద 40 శాతం అంటే 2,800, అందులోంచి క్రెడిట్ 885 పోతే ట్యాక్స్ 1,915. అన్నీ పోగా మిగిలేది ఏడాదికి 660 పౌండ్లు. నెలకి 55! ఒక్కసారి బాయిలర్ పాడైతే నాలుగైదేళ్ళ లాభం దానికే పోతుంది. అదే ఆమె పేరు మీదైతే ట్యాక్స్ 515, మిగిలేది 2,060. తేడా చూశావుగా. 2027 ఏప్రిల్ నుంచి ఆస్తి ఆదాయం మీద రేట్లు రెండేసి శాతం పెంచుతామని 2025 నవంబర్ బడ్జెట్‌లో ప్రకటించారు కూడా, అదీ లెక్కలో పెట్టుకో. లోన్ ఇద్దరి పేర్ల మీదైతే ఇల్లూ సాధారణంగా ఇద్దరిదే అవుతుంది, ఆదాయం సగం సగం. ఆమె వాటా ఎక్కువ ఉండాలంటే సొలిసిటర్‌తో డిక్లరేషన్ ఆఫ్ ట్రస్ట్ (ఎవరి వాటా ఎంతో చెప్పే పత్రం) రాయించి, ట్యాక్స్ వాళ్ళకి ఫామ్ 17 పంపాలి. లిమిటెడ్ కంపెనీ పెట్టి కొనమని యూట్యూబ్‌లో చెప్తుంటారు, ఒక్క ఇంటికి దాని అకౌంటెంట్ ఖర్చు, కాస్త ఎక్కువ వడ్డీ రేటు కలిపి గిట్టుబాటవుతుందా అని అకౌంటెంట్‌నే అడుగు. నాకైతే అనుమానమే.

ఇంకో చిక్కు ఉంది. యూకేలో సొంతిల్లు లేకుండా నేరుగా అద్దె ఇల్లు కొనేవాళ్ళకి లోన్ ఇవ్వని లెండర్లు చాలామంది ఉన్నారు. ఇచ్చేవాళ్ళలో కొందరు అద్దెతో పాటు నీ జీతం, ఖర్చులు కూడా సొంతింటి లోన్‌కి చూసినట్టే చూస్తారు. జీతాల వల్ల నీకు ఇబ్బంది రాకపోవచ్చు కానీ, మార్కెట్ మొత్తం చూసే బ్రోకర్ దగ్గరికే వెళ్ళు, బ్యాంకు బ్రాంచికి వెళ్ళి టైమ్ వేస్ట్ చేసుకోకు.

నీ ఫ్రెండ్ సలహా గురించి: వద్దు. స్విండన్‌లో ఉద్యోగం చేస్తూ స్టోక్‌లో ఉంటానని అప్లికేషన్ మీద సంతకం పెట్టడం మార్ట్‌గేజ్ మోసం కిందికొస్తుంది. దొరికితే లోన్ మొత్తం ఒకేసారి కట్టమనొచ్చు, సిఫాస్‌లో (మోసాల రికార్డు ఉంచే డేటాబేస్) పేరు ఎక్కితే తర్వాత లోన్లే కాదు, ఐటీలో ఉద్యోగం మారేటప్పుడు చేసే చెకింగులోనూ అడ్డొస్తుంది. నిజంగా ఉండటానికి కొని తర్వాత పరిస్థితి మారితే కన్సెంట్ టు లెట్ (అద్దెకిచ్చుకోవడానికి లెండర్ అనుమతి) అడుగుతారు, అది న్యాయం. మొదటి నుంచీ అద్దెకే అనుకుని ఉంటానని చెప్పడం వేరు. పైగా కిచెన్ లేని ఇంటికి రెసిడెన్షియల్ లోన్ కూడా రాదు, కాబట్టి ఆ సలహా వల్ల నీకు ఒరిగేదేమీ లేదు.

మరి ఏం చెయ్యాలి? నీ 55 వేలకి తగ్గది, చూడ్డానికి ఘోరంగా ఉన్నా బతకడానికి వీలుగా ఉన్న ఇల్లు. కిచెన్ పాతదైనా ఉండాలి, కుళాయిలో నీళ్ళు రావాలి, బాయిలర్ వెలగాలి. అదే ఊళ్ళో అలాంటిది 1,18,000కి దొరికిందనుకో: డిపాజిట్ 29,500, స్టాంప్ డ్యూటీ 5,900, ఫీజులు సర్వే కలిపి 4,000, మొత్తం 39,400. ఇంకా 15,600 మిగులుతాయి. అందులో 10 వేలతో పెయింటు, కార్పెట్లు, బాత్రూమ్, అవసరమైన చోట వైరింగ్ చేయించి, మిగతాది ముట్టుకోకుండా పెట్టు. లోన్ మామూలు బై టు లెట్టే, వడ్డీ మామూలు రేటే, ఆరు నెలల లెక్కలేమీ లేవు. లాభం కాస్త తక్కువుంటుంది, నిజమే. ఎనిమిది వేలు ఎక్కువ పెట్టి కొన్నట్టు అనిపిస్తుంది, కానీ బ్రిడ్జింగ్ వడ్డీ, ఫీజు కలిపితే దాదాపు అంతే, 7,777.

స్టోక్ ఇంటి మీదే మనసు పడితే ఒక దారుంది. అమ్మేది చనిపోయినాయన వారసులు కాబట్టి ఏజెంట్ ద్వారా అడిగి చూడు: వాల్యుయేషన్‌కి ముందు వాళ్ళే చవకలో ఒక సింకు యూనిట్, స్టవ్ పాయింట్, బాయిలర్ పెట్టిస్తే, ఆ మేరకు నువ్వు ధర పెంచుతానని. ఒప్పుకునేవాళ్ళు తక్కువే, అడగడానికి పోయేదేమీ లేదు. నీ డబ్బుతో నువ్వే వాళ్ళ ఇంట్లో పని చేయిస్తాననకు, చివర్లో వాళ్ళు వేరేవాళ్ళకి అమ్మేస్తే నీ చేతి చమురు వదులుతుంది. వేలంపాటలోకి అస్సలు దిగొద్దు. మామూలు వేలంలో సుత్తి పడగానే 10 శాతం కట్టి, 28 రోజుల్లో మిగతాది తేవాలి, నీ లాంటి మొదటిసారి లెండర్‌ని వెతికేవాడికి ఆ టైమ్ చాలదు.

ఏ ఇల్లైనా ఆఫర్ పెట్టాక నీ సొంత ఖర్చుతో లెవెల్ 3 సర్వే (ఇంటి స్థితిని పూర్తిగా పరిశీలించేది) చేయించు. బ్యాంకు వాల్యుయేషన్ వాళ్ళ కోసం, నీ కోసం కాదు. అటక మీద స్ప్రే ఫోమ్ కొట్టించి ఉంటే చాలామంది లెండర్లు వెనకడుగేస్తారు, జాపనీస్ నాట్‌వీడ్ (విపరీతంగా పాకే కలుపు మొక్క) ఉన్నా అంతే. ఈపీసీ (ఇంధన సామర్థ్యానికి ఏ నుంచి జీ దాకా గ్రేడు ఇచ్చే సర్టిఫికెట్) చూడు. ఎఫ్, జీ ఉంటే మినహాయింపు లేకుండా అద్దెకివ్వడం చట్టవిరుద్ధం, కనీసం ‘ఈ’ గ్రేడు ఉండాలి, 2030 కల్లా ‘సీ’ ఉండాలని ప్రభుత్వం ప్రతిపాదించింది కూడా. బాయిలర్ లేని ఇల్లు అంటున్నావు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అద్దెకిచ్చే ముందు గ్యాస్ సేఫ్టీ సర్టిఫికెట్ (ఏటా), ఐదేళ్ళకోసారి ఎలక్ట్రికల్ రిపోర్టు తప్పనిసరి. ఆ వీధిలో ఇల్లు అద్దెకివ్వాలంటే కౌన్సిల్ లైసెన్సు కావాలేమో కూడా కౌన్సిల్ సైట్‌లో చూడు.

రెండేళ్ళకు పైగా ఖాళీ ఇల్లు కాబట్టి ఒక మంచి, ఒక చెడు. మంచి ఏంటంటే, వ్యాట్ రిజిస్ట్రేషన్ ఉన్న బిల్డర్ పనులకి 20 శాతం బదులు 5 శాతమే వెయ్యొచ్చు, ఖాళీగా ఉన్నట్టు కౌన్సిల్ నుంచి ఉత్తరం తెప్పించి కొటేషన్ అప్పుడే చూపించు, బిల్లు అయ్యాక కాదు. చెడు ఏంటంటే, ఏడాది దాటి ఖాళీగా ఉన్న ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ రెట్టింపు చేసే అధికారం కౌన్సిళ్ళకి ఉంది, ఓనర్ మారినా ఆ లెక్క మొదటికి రాదు. పెద్ద మరమ్మతులు జరుగుతుంటే మినహాయింపు అడగొచ్చు. ఇన్సూరెన్సు కూడా ఖాళీ ఇంటికి, పనులు జరుగుతున్న ఇంటికి విడిగా తీసుకోవాలి, మామూలు ల్యాండ్‌లార్డ్ పాలసీ చెల్లదు.

చివరగా నాన్నగారి డబ్బు. ఆయన ఇండియాలో ఉంటున్నారు కాబట్టి ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపడానికి ఆర్‌బీఐ పథకం) కింద ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా గిఫ్టుగా పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటుంది, రిటర్న్ వేస్తే సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా ఆ డబ్బు చేతికి రాదు, కాబట్టి పంపాలనుకున్నదానికంటే ఎక్కువే సిద్ధం చేసుకోమను. ఇక్కడ లెండర్ గిఫ్ట్ లెటర్ అడుగుతాడు, తిరిగి ఇవ్వక్కర్లేదని, ఇంట్లో వాటా లేదని ఆయన సంతకం పెట్టాలి. గిఫ్ట్ డిపాజిట్ ఒప్పుకోని లెండర్లూ ఉంటారు, బ్రోకర్‌కి మొదటి రోజే చెప్పు. సొలిసిటర్ ఆ డబ్బు ఎక్కడిదని అడిగితే ప్లాట్ అమ్మిన దస్తావేజు, నాన్నగారి బ్యాంకు స్టేట్‌మెంట్లు చూపాలి. దస్తావేజు తెలుగులో ఉంటుంది కాబట్టి సర్టిఫైడ్ అనువాదం కావాలి. అమ్మకం డబ్బులో కొంత నగదుగా తీసుకుంటే ఆ భాగం ఇక్కడికి రాదు, చూపించడానికి కాగితం ఉండదు కాబట్టి. ప్లాట్ బేరం ఇంకా కుదరకపోతే ఈ మాట ఈ వారమే నాన్నగారితో చెప్పు.